డిస్కుకి జాతకం ఉంది, ఊరికి లేదు

అరకు అనగానే మన ఐటీ జనాలకి ఠక్కున గుర్తొచ్చేవి నాలుగు: అద్దాల బోగీ, బొర్రా గుహలు, బొంగు చికెన్, కాఫీ. లాంగ్ వీకెండు దొరికితే చాలు, హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ బయల్దేరిపోతాం. ఆ రైలు అరకులో ఆగిపోదన్న సంగతి మాత్రం చాలామందికి పట్టదు. మనం దిగి రిసార్టులకి పోయాక కూడా అది పాడువా మీదుగా, కొరాపుట్ మీదుగా, జగదల్‌పూర్ దాటి కిరండూల్ దాకా పోతుంది. 1960ల్లో బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపానుకి ఎగుమతి చేయడానికి వేసిన లైను అది. మనం ఫొటోలు తీసుకునే సొరంగాలు మన కోసం తవ్వినవి కావన్నమాట.

అరకు నుంచి రోడ్డు మీద నందపూర్, సెమిలిగుడ మీదుగా వెళితే రెండు మూడు గంటల్లో సునాబెడ అనే ఊరొస్తుంది. "సునా" అంటే ఒడియాలో బంగారం. తూర్పు కనుమల మధ్య, దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున, చుట్టూ గదబ, పరజ, కోంధుల పల్లెలు, రాగి చేలు. ఆ మధ్యలో యుద్ధవిమానాల ఇంజన్లు తయారు చేసే ఫ్యాక్టరీ! హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) కొరాపుట్ డివిజను అంటే ఇదే. మిగ్-21 నుంచి సుఖోయ్-30 దాకా మన వైమానిక దళం వాడిన రష్యన్ ఇంజన్లలో చాలావాటికి ఇదే పుట్టిల్లు, లేదా కనీసం ఆసుపత్రి.

ఈ కొండలు ఒడిశావి కదా, మనకేం సంబంధం అంటారా? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో భాగమే. జయపురం సంస్థానం రాజావారికి విశాఖలోనూ పలుకుబడి ఉండేది. ఇప్పటికీ కొరాపుట్, జయపురం బజార్లలో తెలుగు మాట్లాడితే తెలుగులోనే జవాబొస్తుంది. సాలూరు ఘాటు ఎక్కితే చాలు అవతల అదే. సరే, చరిత్రలోకి వద్దాం.

మిగ్-21ల కోసం 1962లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. విమానాలు కొనడమే కాదు, లైసెన్సు మీద ఇక్కడే తయారు చేయాలన్నది ప్లాను. అందుకోసం 1963 ఆగస్టులో ఏరోనాటిక్స్ ఇండియా లిమిటెడ్ అని ఒక సంస్థ పెట్టారు. 1964 అక్టోబరు 1న దాన్ని బెంగుళూరులోని పాత హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌తో కలిపేస్తే ఇప్పటి హెచ్‌ఏఎల్ అయింది. మిగ్ పనిని మూడు ముక్కలు చేశారు. విమానం ఒళ్ళు నాసిక్‌లో, ఎలక్ట్రానిక్స్ మన హైదరాబాదు బాలానగర్‌లో, ఇంజను సునాబెడలో. అప్పటికి చైనా యుద్ధం తగిలించిన దెబ్బ పచ్చిగానే ఉంది. సరిహద్దులకి దూరంగా ఉండాలి, ఒక్క బాంబుకి అంతా పోకుండా తలో చోటా ఉండాలి, వెనకబడిన ప్రాంతాలకి పరిశ్రమలూ రావాలి. ఈ మూడు లెక్కలకీ కొరాపుట్ సరిపోయింది. అప్పటి ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పట్టుబట్టి తెచ్చారని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలా మొదలైన ఫ్యాక్టరీ మిగ్-21కి ఆర్-11, తర్వాత ఆర్-25 ఇంజన్లు, మిగ్-27కి ఆర్-29, మిగ్-29కి ఆర్‌డీ-33, సుఖోయ్-30కి ఏఎల్-31ఎఫ్‌పీ... ఇలా అరవై ఏళ్ళుగా నడుస్తోంది. 2024 సెప్టెంబరులో రక్షణ శాఖ 26,000 కోట్ల పైచిలుకు విలువకి 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్ల ఆర్డరు ఇచ్చింది కూడా ఈ డివిజనుకే. ఏడాదికి ముప్ఫై చొప్పున ఎనిమిదేళ్ళ పని.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఫ్యాక్టరీ గొప్ప గురించి కాదు. అక్కడ ప్రతి రోజూ జరిగే, ఎవరూ సినిమా తీయని ఒక పని గురించి: తనిఖీ.

డిస్కు పగిలితే ఏమవుతుంది?

జెట్ ఇంజన్‌లో వేల భాగాలుంటాయి. వాటిలో ఓ పిడికెడు మాత్రం వేరే జాతి. కంప్రెసర్, టర్బైన్ డిస్కులు, షాఫ్టులు, ఫ్యాన్ హబ్బులు. రెక్కలు (బ్లేడ్లు) గుచ్చి ఉండేది ఈ డిస్కులకే. ఫైటర్ ఇంజన్లో ఇవి నిమిషానికి పదివేల చుట్ల పైచిలుకు తిరుగుతాయి. ఒక బ్లేడు ఊడితే ఇంజను తొడుగు దాన్ని లోపలే ఆపగలగాలని రూలు. తయారీదారు కావాలని ఒక బ్లేడు పేల్చి మరీ పరీక్షించి చూపిస్తాడు. కానీ డిస్కే ముక్కలైతే? దాన్ని ఆపగల తొడుగు చేస్తే ఆ బరువుతో విమానం ఎగరదు. అంటే ఇక్కడ రెండో రక్షణ లేదు. ట్రై-క్యాచ్ లేదు, ఫెయిలోవర్ లేదు. అందుకే వీటిని "క్రిటికల్ పార్ట్స్" అంటారు. పగలకూడదు, అంతే. పగలకుండా చూసే మార్గాలు రెండే. ఒకటి, ఆయుష్షు తీరకముందే తీసేయడం. రెండు, మధ్యలో దొరికిన ప్రతిసారీ వెతకడం.

ఆయుష్షు అంటే గంటలే కాదు, సైకిల్స్ కూడా. ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపి సుమారుగా ఒక సైకిల్. ఇనప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే ఎప్పుడో పుటుక్కున తెగుతుంది చూశారా, డిస్కుకీ అదే కథ. ప్రతి సైకిల్‌కీ ఒకసారి వంగినట్టు లెక్క. ఎన్ని వంపులు తట్టుకుంటుందో లెక్కగట్టి, అందులో బాగా తగ్గించి, లైఫ్ లిమిట్ పెడతారు. లెక్క ఎంత బాగున్నా, లోహంలో పుట్టుకతో మచ్చ ఉంటే ఆ లెక్క చెల్లదు.

ఆ సంగతి ప్రపంచానికి తెలిసిన రోజు 1989 జూలై 19. యునైటెడ్ 232, డీసీ-10 విమానం, డెన్వర్ నుంచి షికాగోకి. గాల్లో ఉండగా తోకలోని ఇంజన్ ఫ్యాన్ డిస్కు పేలింది. ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనీ కోసేశాయి. పైలట్లు రెండు ఇంజన్ల థ్రాటిళ్ళతోనే విమానాన్ని సూ సిటీ దాకా ఈడ్చుకొచ్చారు. 296 మందిలో 112 మంది పోయారు. అంతమంది బతకడమే అద్భుతం అంటారు.

మూడు నెలల తర్వాత అయోవాలో మొక్కజొన్న కోతలప్పుడు ఒక రైతు పొలంలో డిస్కు ముక్క దొరికింది. అక్కడి నుంచి వెనక్కి తవ్వుకుంటూ పోతే కథ 1971కి చేరింది. ఆ ఏడాది టైటానియం దిమ్మ కరిగించేటప్పుడు నైట్రోజన్ ఎక్కువై ఒక గట్టి గింజలాంటిది లోహంలో ఉండిపోయింది. ఆ గింజ దగ్గర బీట మొదలై, ప్రతి సైకిల్‌కీ ఇంత ఇంత పెరిగి, 15,503వ సైకిల్‌కి డిస్కు రెండు చెక్కలైంది. లైఫ్ లిమిట్ ఎంతో తెలుసా? 18,000. కాగితం ప్రకారం ఇంకా బోలెడు ఆయుష్షుంది.

నన్ను పట్టుకుని వదలనిది ఆ తర్వాతి భాగం. ఆ డిస్కుని జీవితకాలంలో ఆరుసార్లు ఫ్లోరసెంట్ తనిఖీ చేశారు. ఈ తనిఖీ ఎలా ఉంటుందంటే, భాగాన్ని శుభ్రంగా కడిగి, మెరిసే ద్రవంలో ముంచి, పైన ఉన్నది కడిగేసి, పొడి చల్లి, చీకటి గదిలో అల్ట్రావయొలెట్ దీపం కింద చూస్తారు. బీటలో దూరిన ద్రవం పొడి పీల్చుకుని పచ్చగా గీతలా మెరుస్తుంది. చూడ్డానికి మనిషి, ఒక దీపం, ఒక కన్ను. చివరి తనిఖీ ప్రమాదానికి 760 సైకిల్స్ ముందు జరిగింది. అప్పటికే పగులు అరంగుళం పొడుగు ఉందని దర్యాప్తులో లెక్క తేలింది. పరీక్ష జరిగింది, సంతకం పడింది, పగులు మాత్రం కనపడలేదు. డిస్కుని వేలాడదీసిన కేబులే సరిగ్గా ఆ చోటుని కప్పి ఉండొచ్చని దర్యాప్తు సంస్థ అనుమానించింది. ప్రమాద కారణంగా రాసింది కూడా "ఇన్‌స్పెక్టరు తప్పు" అని కాదు. తనిఖీ చేసే మనిషి పరిమితులని తనిఖీ విధానం పట్టించుకోలేదు అని.

ఇంకో చిత్రం. తయారీదారు రికార్డుల్లో అదే సీరియల్ నంబరుతో రెండు డిస్కులు కనిపించాయి! వాటిలో ఒకదానికి అల్ట్రాసోనిక్ పరీక్షలో అనుమానం వచ్చినట్టు కూడా రాసి ఉంది. డేటాబేసులో ప్రైమరీ కీ డూప్లికేట్ అయితే మనం ఎంత గోల చేస్తామో తెలుసు కదా. అక్కడ డూప్లికేట్ అయింది విమానం తోకలో తిరిగే లోహపు చక్రం.

రూళ్ళు ఎలా పుట్టాయి

సూ సిటీ తర్వాత టైటానియం కరిగించే పద్ధతి మారింది. ఫ్యాన్ డిస్కుల్ని వెనక్కి పిలిచి తనిఖీలు చేశారు. తర్వాత 1996 జూలై 6న పెన్సకోలాలో ఇంకో పాఠం. డెల్టా 1288, ఎండీ-88 విమానం. టేకాఫ్ పరుగులో ఫ్యాన్ హబ్బు పగిలి క్యాబిన్‌లోకి దూసుకొచ్చింది. ఇద్దరు చనిపోయారు, తల్లీ కొడుకూ. ఈసారి తప్పు దిమ్మలో లేదు, డ్రిల్లింగులో ఉంది. బోల్టు కన్నం తొలిచేటప్పుడు లోహం వేడెక్కి గుణం మారిపోయింది. ఫ్యాక్టరీ తనిఖీలో ఆ గుర్తు కనిపించింది, ఫరవాలేదని వదిలేశారు. తర్వాత ఎయిర్‌లైన్ తనిఖీలో, అప్పటికే ఉన్న పగులు తప్పిపోయింది. రెండు గేట్లూ తెరిచే ఉన్నాయన్నమాట.

వీటన్నిటి ఫలితంగా అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఒక ఆలోచన తెచ్చింది. వినడానికి చిన్నదే. ఇంజన్ రిపేరుకి వచ్చి ఆ భాగం విడిగా బయటికొచ్చిన ప్రతిసారీ, అది వేరే పని మీద వచ్చినా సరే, తనిఖీ చేసి తీరాలి. కంటితో ఒకటి చాలదు. కీలకమైన కన్నాలకి ఎడ్డీ కరెంటు, లోపలికి అల్ట్రాసోనిక్. 2001లో రోటర్ల డిజైనులోనే "పగులు ఉందనుకుని" లెక్క వేసే పద్ధతికి మార్గదర్శకాలొచ్చాయి. 2007లో 33.70 అనే నిబంధన వచ్చింది. దాని ప్రకారం ఆయుష్షు ఉన్న ప్రతి ఇంజన్ భాగానికీ మూడు ప్లాన్లుండాలి: డిజైను ప్లాను, తయారీ ప్లాను, సర్వీసు ప్లాను. మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. డిజైనులో అనుకున్నది తయారీలో మారితే సర్వీసువాడికి తెలియాలి. డెవలప్‌మెంటు, బిల్డు, ఆపరేషన్స్ మూడూ మూడు ఈమెయిల్ గ్రూపులుగా బతికే మనకి ఇది కొంచెం ఘాటుగానే తగలాలి.

ఇదంతా పాత కథేం కాదు. 2023లో ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ ఇంజన్లలో, 2015 చివర నుంచి 2021 దాకా వాడిన లోహపు పొడిలో మలినం ఉందని బయటపడింది. టర్బైన్ డిస్కులన్నీ కొత్త కోణంలో అల్ట్రాసోనిక్ తనిఖీ చేయాలన్నారు. ఇండిగోవి ఒక దశలో డెబ్బైకి పైగా విమానాలు ఇంజన్ల సమస్యలతో నేల మీదే కూర్చున్నాయి. మీకు ఆ ఏడాది హైదరాబాదు-బెంగుళూరు టికెట్టు మండిపోయిందంటే, అందులో కొంత వాటా లోహంలో ఉండే ఒక చిన్న మచ్చది. అదే 2023లో లండన్ కంపెనీ ఒకటి దొంగ సర్టిఫికెట్లతో ఇంజన్ భాగాలు అమ్మిందని తేలింది. భాగం బాగుందా లేదా అన్నది తర్వాత మాట. దాని జాతకం అబద్ధం కాబట్టి ఎయిర్‌లైన్లు ఇంజన్లు విప్పి మరీ తీసేశాయి.

జాతకం అని ఊరికే అనలేదు. ఇలాంటి ప్రతి భాగానికీ కరిగించిన దిమ్మ నంబరు, కమ్మిన ప్రెస్సు, తొలిచిన మెషీను, తనిఖీ చేసిన మనిషి సంతకం, ఏ ఇంజన్లో ఎన్ని సైకిల్స్ తిరిగిందీ, అన్నీ రాసి ఉండాలి. మధ్యలో ఒక్క పేజీ పోయినా భాగం చెత్తబుట్టలోకే. కోట్ల రూపాయల లోహం, కాగితం లేకపోతే పేపర్ వెయిట్.

మన కొండల్లో ఈ పని

సునాబెడలో ఇది మొదటి రోజు నుంచీ బతుకుతెరువు. పాశ్చాత్య ఇంజన్లతో పోలిస్తే సోవియట్ ఇంజన్ల ఆయుష్షు తక్కువ. నిర్ణీత గంటలు నిండగానే విప్పాలి, కడగాలి, వెతకాలి, మళ్ళీ బిగించాలి. అందుకే కొరాపుట్‌లో తయారీతో పాటు ఓవర్‌హాల్ కూడా పెద్ద పనే. సైనిక విమానాలకి డీజీసీఏ వర్తించదు. వాటికి వేరే ఏర్పాటుంది. డిజైనుకీ ఆయుష్షుకీ అనుమతి ఇచ్చేది డీఆర్‌డీఓ కింది సెమిలాక్. ఫ్యాక్టరీలో కూర్చుని నాణ్యత చూసేది డీజీఏక్యూఏ. హెచ్‌ఏఎల్ సొంత తనిఖీ విభాగం ఎలాగూ ఉంటుంది. గమనించండి, ఈ రెండు సంస్థల వాళ్ళకీ హెచ్‌ఏఎల్ మేనేజరు ఇంక్రిమెంటు ఇవ్వడు. నెలాఖరు టార్గెట్టు వాళ్ళది కాదు. "కాదు" అనే హక్కు నిలబడాలంటే ఆ దూరం ఉండాలి.

లోహం సంగతికొస్తే మన హైదరాబాదు. 1963లో డీఎంఆర్‌ఎల్, 1973లో మిధాని, రెండూ కంచన్‌బాగ్ పక్కపక్కనే. సూపర్ అల్లాయ్‌లు, టైటానియం అక్కడి సంగతులు. 2021లో డీఎంఆర్‌ఎల్ వాళ్ళు 2,000 టన్నుల ప్రెస్సు మీద జాగ్వార్ ఇంజన్‌కి కావలసిన టైటానియం కంప్రెసర్ డిస్కులు ఐదు దశలవీ కమ్మగలిగారు. అంతకుముందు ఈ విద్య ప్రపంచంలో కొద్ది దేశాల దగ్గరే ఉండేది. 2025 నవంబరులో శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కనే సఫ్రాన్ వాళ్ళ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం మొదలైంది. అంటే ఈ చీకటి గది, ఈ పచ్చ గీత వెతికే ఉద్యోగం మన పిల్లలకి కూడా రాబోతోంది. దాన్ని "జస్ట్ టెస్టింగే కదా" అని తీసిపారేసే అలవాటు ఇప్పుడే మానుకుంటే మంచిది.

అలాగని అంతా భేష్ అని కాదు. 2012లో రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటులో చెప్పిన లెక్క: రష్యా నుంచి తెచ్చుకున్న 872 మిగ్‌లలో 482 కూలిపోయాయి. 171 మంది పైలట్లు, 39 మంది మామూలు జనం, ఇతర సర్వీసుల వాళ్ళు 8 మంది పోయారు. ఆయన చెప్పిన కారణాలు రెండు: మానవ తప్పిదాలు, సాంకేతిక లోపాలు. అన్నీ ఇంజన్ మీద వెయ్యడానికి లేదు, అన్నీ పైలట్ మీద వెయ్యడానికీ లేదు. మిగ్-21 చివరికి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో రిటైరైంది. అరవై రెండేళ్ళు ఒక విమానాన్ని ఎగిరించారంటే, అందులో సగం వీరత్వం పైలట్లదైతే మిగతా సగం ప్రతిసారీ విప్పి చూసినవాళ్ళది.

ఇంకో రిజిస్టరు

ఇప్పుడు అసలు మాట. అమెరికన్ డిస్కు పుట్టిన దిమ్మ దాకా వెనక్కి వెళ్ళగలిగారు. మరి సునాబెడ ఫ్యాక్టరీ కూర్చున్న నేల జాతకం ఎవరి దగ్గరుంది?

పాలగుమ్మి సాయినాథ్ (మన వి.వి.గిరి గారి మనవడు) 1996లో అచ్చయిన "ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్" పుస్తకంలో చికాపార్ అనే ఊరి గురించి రాశారు. గదబలు, పరజలు, డోంబులు ఉండే పల్లె. 1968లో మిగ్ ప్రాజెక్టు కోసం వాళ్ళని ఖాళీ చేయించారు, అదీ వానాకాలంలో. ఇంకోచోట, తమకి మిగిలిన సొంత భూమిలోనే కొత్త ఊరు కట్టుకుని దానికీ చికాపార్ అనే పేరు పెట్టుకున్నారు. 1987లో మళ్ళీ లేవమన్నారు. మూడోచోట కుదురుకునేలోపు మళ్ళీ నోటీసు. ఒకే పేరుతో మూడు ఊళ్ళు! డిస్కుల రిజిస్టర్లో ఇలా జరిగితే దర్యాప్తు కమిషను వేస్తారు.

నేను ఫ్యాక్టరీ వద్దనడం లేదు. యుద్ధవిమానం ఎక్కే కుర్రాడి ప్రాణం ఆ ఇంజన్ మీదే ఉంది, ఆ ఇంజను ఎక్కడో ఒకచోట తయారవ్వాల్సిందే. నా బాధల్లా ఒకటే. ఆ కంచె లోపల ఒక దేశంగా మనం నేర్చుకున్న క్రమశిక్షణ ఏమిటి? ప్రతి కీలక భాగానికీ పుట్టుక నుంచి రికార్డు, ప్రతి మార్పుకీ సంతకం, టార్గెట్టుతో సంబంధం లేని మనిషి చేత తనిఖీ, అనుమానం ఉంటే ఆపేసే అధికారం. కంచె బయట ఉన్న మనుషుల విషయంలో ఈ నాలుగింట్లో ఒక్కటీ చేయలేదు. ఎవరి భూమి ఎంత పోయింది, ఎంత ఇచ్చారు, ఎక్కడికి వెళ్ళారు, ఇరవై ఏళ్ళ తర్వాత ఎలా ఉన్నారు అని ఎవరూ వెతకలేదు. చేతకాక కాదు. పనితనం పక్క షెడ్డులోనే ఉంది. క్రిటికల్ అని ముద్ర వేయలేదు, అంతే.

కొంతలో కొంత, ఇటువైపు 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు వచ్చింది. అదీ అరకు పక్కనే, బొర్రా గుహలుండే అనంతగిరి మండలం గనుల కేసులోంచి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి ప్రభుత్వం గనులు లీజుకివ్వడం చెల్లదంది. అంటే ఆ కొండల్లో ఒక స్వతంత్ర తనిఖీ పనిచేసిన సందర్భం అది.

మన వృత్తికి దీన్నుంచి పట్టుకుపోవాల్సింది ఏమిటంటే, క్రిటికల్ అని దేన్ని పిలుస్తామో దాన్నే వెతుకుతాం. మిగతాది దానంతటదే బాగుంటుందని అనుకుంటాం. మన ప్రాజెక్టుల్లో క్వాలిటీ వాళ్ళు డెలివరీ మేనేజరుకే రిపోర్టు చేస్తారు, డెడ్‌లైను దగ్గర పడగానే ముందు కత్తిరించేది వాళ్ళ రోజులే. మన కోడు ఇప్పుడు పింఛన్లు ఇస్తోంది, రేషన్లు ఆపుతోంది, భూమి రికార్డులు మారుస్తోంది. వేలిముద్ర పడక బియ్యం రాని అవ్వకి మన సాఫ్ట్‌వేరే డిస్కు. అక్కడా రెండో రక్షణ లేదు. మరి ఆ భాగానికి లైఫ్ లిమిట్ ఎవరు రాశారు, చివరిసారి దాన్ని చీకటి గదిలో దీపం పట్టుకుని చూసిందెవరు, ఆ మనిషికి "కాదు" అనే అధికారం ఉందా? మీ టీములో ఈ మూడు ప్రశ్నలూ ఓసారి అడిగి చూడండి. జవాబు రాకపోతే, కేబులు కప్పిన చోటు అదే.